గట్టిగా పాడమన్నారు, కేజీఎఫ్ వెళ్లి ఇంకా మెల్లగా పాడాను

నేను జాజ్ పాడతాను. తెలుగింటి ఆడదానికి ఇదేం పాట అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం మానేసి చాలా ఏళ్లయింది. ఈమధ్య ఒక ఆల్బమ్ చేశాను. అన్నీ పాత అమెరికా పాటలే, కానీ జనం పెద్దగా వినని పాటలు. వాటిని నాకు నేర్పింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా ఇంటి వెనక వరసలో ఉండిన సాక్సోఫోన్ మాస్టారు. తను వాయించే క్లబ్బు హాల్లో డాన్సు చేసేవాళ్లు ఎవరూ అడగని పాటల్ని ఆయన ఇంటికొచ్చి తనకోసం వాయించుకునేవాడు. రికార్డింగు అంతా అయ్యాక రికార్డు కంపెనీ పెద్దమనిషి ఆల్బమ్‌లోని చివరి పాట విని, అసలు వినబడటమే లేదు మేడమ్, గొంతు విప్పి మళ్లీ పాడండి, లేదంటే ఆల్బమ్ రాదు అన్నారు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ పాడతాను, కానీ నేర్చుకున్న ఇంట్లోనే, నేర్చుకున్నట్టే పాడతాను అనుకుని రికార్డర్ సంచిలో వేసుకుని బయల్దేరాను.

మీరూ వెళ్లాలనుకుంటే బెంగళూరులో పొద్దున్నే మారికుప్పం ప్యాసింజర్ ఎక్కండి. టికెట్టు నలభై రూపాయల లోపే, ప్రయాణం రెండున్నర గంటలు. బంగారుపేట దాటాక రైలు చిన్న చిన్న స్టేషన్లలో ఆగుతూ పోతుంది. సీటు దొరుకుతుంది కానీ పక్కవాళ్లతో కబుర్లు ఆశించకండి. పెట్టెలో సగంమంది రాత్రి డ్యూటీ చేసి ఇంటికి పోతున్నవాళ్లు, టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని నిద్రపోతుంటారు. నా ఎదురుగా కెమెరాలతో ఇద్దరు కుర్రాళ్లు కూర్చున్నారు. దెయ్యాల ఊరి మీద వీడియో తీయడానికి పోతున్నారట. నేను పుట్టిన ఊరది అన్నాను. పాపం, కెమెరాలు సంచుల్లోకి సర్దుకున్నారు.

చాంపియన్ స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకున్నాను, వంద రూపాయలు. బంగారం తీశాక మిగిలిన మట్టి గుట్టలు, సైనైడ్ దిబ్బలు చూపించి, రోజంతా ఉంటే కురుడుమలె గుడికి కూడా తీసుకుపోతానన్నాడు డ్రైవరు. లైన్లకు పోవాలంటే ఆశ్చర్యపోయాడు. లైన్లంటే గని కార్మికులకు కట్టిన వరస ఇళ్లు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ నడుమ ఒకే గోడ, అదీ తడికకు మట్టి మెత్తిన గోడ. పదిగంటల వేళ వీధిలో చడీ చప్పుడూ లేదు. ఆ కుర్రాళ్లిద్దరూ అప్పటికే అక్కడ నిలబడి, ఊరు చచ్చిపోయిందని కెమెరాకు గుసగుసగా చెప్పుకుంటున్నారు. ఇక నావల్ల కాలేదు. చావలేదు బాబూ, నిద్రపోతోంది, రాత్రంతా పనిచేసి వచ్చింది, చప్పుడు చేయకుండా నడవండి అని చెప్పి ముందుకు పోయాను.

మాస్టారు వచ్చి నాకు పాట నేర్పిన మా ఇంట్లో ఇప్పుడు మా పిన్ని ఉంటోంది. మా నాన్న పలమనేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ సర్కారు గనిలో చేరాడు. రాత్రి షిఫ్టు పడితే పగలు నిద్ర. మా గోడకవతల ఇంకొకాయన, ఆయన గోడకవతల మరొకాయన. అందుకే మాస్టారు సాక్సోఫోన్‌లో పాత తువ్వాలు కుక్కి వాయించేవాడు, నేను ఊపిరికి కాస్త పైన పాడేదాన్ని. నా గొంతు అలా తయారైంది. దాన్ని బలహీనత అనుకునేవాళ్లంటే నాకు కోపం. వీధంతా నిద్రపోతున్నా, గనులు మూతబడ్డాక మా గోడకవతల ఇల్లు మాత్రం ఖాళీయేలే అనుకుంటూ లోపలికి వెళ్లాను. పిన్ని రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. తిన్నాక రికార్డర్ బయటికి తీస్తే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"పాడుకోమ్మా, వద్దనేదానికి నేనెవురు? గోడకవతల మంజుల పండుకోని ఉండాది. బెంగళూరులో రాత్రి డ్యూటీ చేసి ఇప్పుడే వచ్చినాది. దాని నిద్ర చెడగొట్టినావంటే మాత్రం ఊరుకోను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని, స్టూడియోలో పాడినదానికంటే ఇంకా తగ్గించి పాడాను. ఒక్కసారికే పాట కుదిరింది. గోడకవతల మంచం కిర్రుమనలేదు.

సాయంత్రం స్టేషన్‌కు బయల్దేరుతుంటే మంజుల కూడా డ్యూటీకి తయారై వచ్చింది. రైల్లో పక్కపక్కనే కూర్చున్నాం. ఇయర్‌ఫోన్లు ఇచ్చి పాట వినిపించాను. మాటలు ఇంగ్లీషు, రాగం కొత్త, అయినా కళ్లు మూసుకుని చివరిదాకా వింది. ఎక్కడ పాడానో అప్పుడు చెప్పాను.

"నా తలకాడే పాడినారా అక్కా? నాకు తెలవనే లేదే" అంది. ఇయర్‌ఫోన్లు తిరిగిచ్చి, "గట్టిగా పాడింటే లేచేదాన్ని. ఇంగ రాత్రంతా డ్యూటీలో తూగతా ఉండేదాన్ని" అంది.

నా పాట గురించి ఇంతవరకు ఎవరూ ఇంత మంచి మాట చెప్పలేదు. ఆమె పక్కన ఉండగానే కంపెనీ ఆయనకు ఫోన్ చేశాను. పాట ఇంతే, ఇంకా తగ్గింది, ఇది లేకుండా ఆల్బమ్ లేదు అని చెప్పాను. అయితే మావల్ల కాదన్నారు. సరే, నేనే విడుదల చేసుకుంటానని పెట్టేశాను. డబ్బు సంగతి తలుచుకుంటే భయం వేసింది, ఒప్పుకుంటాను. కానీ వెనక్కి తగ్గాలని మాత్రం అనిపించలేదు.

గట్టిగా వినబడేదే బతికి ఉన్నట్టు అనుకునే రోజులివి. మా ఊరిని అలాగే తీసిపారేశారు, నా పాటను అలాగే తీసిపారేయబోయారు. పక్కింటివాళ్ల నిద్ర కాపాడుతూ పాడటం నాకు చేతనవును, దాన్ని ఎవరికోసమూ మార్చుకోను. ఆల్బమ్ ఇప్పుడు ఈ బ్లాగులోనే ఉంది, ఉచితంగా వినండి. ఒక్క సూచన: చివరి పాట వినబడకపోతే సౌండు పెంచకండి. ఫ్యాను ఆపండి.