నా కాళ్లతో అత్తగారి మొక్కు

మా అత్తగారు మొక్కిన మొక్కుకు నడిచింది నేను. బాబు పుట్టినప్పుడు పది రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. అంతా క్షేమంగా ఇల్లు చేరితే కోడలు నాచారం నుంచి కీసరగుట్టకు చెప్పుల్లేకుండా నడిచి వస్తుందని ఆవిడ మొక్కుకున్నారట. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు కదా, ఈవిడ కోడలి కాళ్లు దానం చేశారు. వాడికి ఏడాది నిండినా ఆ మొక్కు తీరలేదు. వాడు తుమ్మితే చాలు, ఆవిడ నా పాదాల వంక చూసేవారు.

చివరికి ఒక శ్రావణ సోమవారం, బాబును మా ఆయనకు అప్పగించి తెల్లవారుతుండగా బయల్దేరాను. ఆవిడా చెప్పులు వదిలేసి, కొంగు బిగించి గుమ్మంలో నిలబడ్డారు. మోకాళ్ల నొప్పులకు డాక్టరు మెట్లెక్కొద్దన్నారని మా ఆయన గుర్తుచేశారు.

"దీన్ని ఒక్కదాన్నే పంపితే నడిమిట్ల ఆటో ఎక్కుతది. నేను సూడాలె," అన్నారావిడ.

నాలాంటి గోదావరి పిల్లల మీద ఆవిడకున్న నమ్మకం అది. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఆలోచన లేకపోలేదు.

దారిలో బండెక్కితే మొక్కు చెల్లదు, ఇంకో రోజు మళ్లీ ఇంటి నుంచే నడవాలి. ఏఎస్ రావు నగర్ దాటేసరికి వాన పట్టుకుంది. నాగారం దగ్గర పైపుల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. "గీ పొలాలకెళ్లి పోతే దగ్గర," అని ఆవిడ అడ్డదారి పట్టించారు. పెళ్లి కాకముందు నడిచిన దారి అట. ఆ పొలాలు ఎప్పుడో ప్లాట్లయిపోయాయి. హద్దురాళ్ల మధ్య మోకాలి లోతు ఎర్రబురద, ఒక కాలు లాగితే రెండోది దిగబడేది. నేను రెండుసార్లు కూర్చున్నాను, ఇష్టపడి కాదు. "గంత బియ్యం తింటరు, బలమంత యాడ వోతది మీకు?" అని ఆవిడ నవ్వారు. మనసులో నేను ఆవిడకు చేసిన అర్చన ఏ పూజారీ చేసి ఉండడు.

మళ్లీ రోడ్డెక్కగానే ఒక ఆటో పక్కన ఆగింది. "కూసోన్రి అమ్మా, గుట్ట కాడ దింపుత," అన్నాడు డ్రైవరు. నేను ఆశగా అత్తగారి వైపు చూశాను. ఆవిడ కుంటుకుంటూ ముందుకు వెళ్లిపోయారు.

గుట్ట చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సగం మెట్ల మీద ఆవిడ కూలబడ్డారు. మోకాళ్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి.

"మీరిక్కడే ఉండండి అత్తయ్యా. మొక్కు నా పేరు మీదే కదా, నేను వెళ్లి కొబ్బరికాయ కొట్టి వస్తాను."

"నీ పేరు మీద గాదు బిడ్డా. నేనే నడుస్తనని మొక్కిన. ఈ మోకాళ్లు వెట్టుకొని పోతనంటే నీ మొగడు పోనిస్తడా? అందుకే నీ పేరు జెప్పిన."

నాకు ఒళ్లు మండింది. పొద్దుట్నుంచి తొక్కిన బురదంతా గుర్తొచ్చింది. "మనవడి కోసమైతే మాత్రం ఇంత అబద్ధమాడతారా?" అన్నాను.

ఆవిడ కొంగు పిండుకుంటూ, "పిల్లగానికి ఫికర్ లేదని డాక్టరమ్మ ఆ దినమే జెప్పింది. రెండు దినాలు సోయిల లేక కండ్లు తెరవనిది నువ్వు," అన్నారు.

ఆవిడ చెయ్యి నా భుజం మీద వేసుకుని లేపాను. ఇంకా సగం మెట్లున్నాయి.