తలారి కొడుక్కి ఖాకీ చొక్కా

మా చిన్నప్పుడు... తెల్లవారగానే మా చిన్నాయన హగరి ఏటి ఇసుకలో పరిగెత్తేవాడు. ఆలూరు పక్కన మా ఊరు. ఇసుకలో పరిగెత్తినవాడికి గట్టినేల మీద కాళ్లు తేలికవుతాయని ఎవరో చెప్పారట.

ఇంటికొచ్చి, నానబెట్టిన శనక్కాయలు తిని, ఛాతీ నిండా గాలి పీల్చి నిలబడేవాడు. మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, పాత చీర అంచు ఆయన ఛాతీ చుట్టూ చుట్టి చూసేది. కానిస్టేబులు ఎంపికలో గాలి పీలిస్తే ఛాతీ ఐదు సెంటీమీటర్లు పెరగాలి మరి.

"ఇంగా పీల్చురా. తిన్న సంగటంతా యాడికి పాయ?" అనేది.

మా జేజినాయన, అంటే తాత, ఆ ఊరి తలారి. తెల్లదొరల కాలం నుంచీ పల్లెల్లో పోలీసు పని సగం తలారే చేసేవాడు. స్టేషన్ నుంచి జవాను వస్తే ఎదురుపోయి మూట మోయాలి. ఎవరైనా అనుమానంగా చనిపోతే పంచనామా అయ్యేదాకా శవానికి కాపలా కాయాలి. టోపీ లేదు, లాఠీ లేదు. ఆయన పోయాక జేజికి ఒకటే పంతం... మూట మోసినవాడి కొడుకు ఖాకీ చొక్కా తొడగాలి.

ఈ సంగతి మాజీ సర్పంచి హనుమంతప్పకూ తెలుసు. "తలారోని కొడుక్కి నేను సెల్యూట్ కొట్టల్లనేమప్పా?" అని టీకొట్టు దగ్గర నవ్వాడట.

చిన్నాయన పరుగు పరీక్షకు కర్నూలు పోయిన రోజే ఊళ్లో బోరు నీళ్ల కాడ గొడవైంది. మా నాన్న, హనుమంతప్ప మనుషులు కట్టెలతో కొట్టుకున్నారు. సాయంత్రం చిన్నాయన బస్సు దిగి, పరుగులో నెగ్గానని చెప్పడానికి ఇంట్లోకి వచ్చాడు. అప్పటికే హనుమంతప్ప ఇచ్చిన ఫిర్యాదులో ఆయన పేరుంది... బరిసెతో పొడవబోయాడని.

మా వైపు ఇది పాత అలవాటు. గొడవ జరిగితే కొట్టినవాళ్ల పేర్లతో పాటు అవతలి ఇంట్లో చదువుకున్న పిల్లవాడి పేరు కూడా రాయిస్తారు. దెబ్బ మానుతుంది. కేసు మానదు. పోలీసు ఉద్యోగమైతే మరీ... ఎంపికైనవాడి మీద కేసులున్నాయేమోనని ముందు అడిగేది ఆ ఊరి స్టేషన్‌నే.

చిన్నాయన రాత పరీక్షా పాసయ్యాడు. స్టేషన్ విచారణలో ఉద్యోగం పోయింది. కేసు ఏళ్ల తరబడి నడిచింది. చివరికి ఆ రోజు కర్నూల్లో పరుగు పెట్టించిన పోలీసు అధికారే కోర్టుకు వచ్చి, గొడవ జరిగిన వేళ ఇతను మా మైదానంలో ఉన్నాడని సాక్ష్యం చెప్పాడు. కేసు కొట్టేశారు. అప్పటికి ఉద్యోగానికి వయసు దాటిపోయింది. చిన్నాయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికి పోయాడు.

జేజి ఏడవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. హనుమంతప్ప వాకిలి ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం ఆగి, చెప్పులు విప్పి, దులుపుకొని పోయేది. ఎండైనా, వానైనా.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హనుమంతప్ప చిన్నకొడుకు శీను కానిస్టేబులుగా ఎంపికయ్యాడు. విచారణ ఒక్కటే మిగిలింది. ఈలోగా పీర్ల పండుగ వచ్చింది. నిప్పుల గుండం చుట్టూ జనం ఆడుతుంటే శీను తాగి వచ్చి, దారి ఇవ్వలేదని మా నాన్న తల మీద కట్టెతో కొట్టాడు. ఊరంతా చూసింది. ఆస్పత్రిలో కుట్లు వేశారు.

మర్నాడు హనుమంతప్ప మా వాకిట్లోకి వచ్చాడు. ఎప్పుడూ "ఏమే" అని పిలిచే మనిషి, ఆ పొద్దు వరస మార్చాడు.

"ఏమక్కా... పిల్లోడు మత్తులో చేసినాడు. ఊర్లోనే రాజీ చేసుకుందాం. కేసైతే వాని బతుకు పోతాది."

"ఔనా అప్పా? కేసైతే బతుకు పోతాదా? నాకు తెలీకపాయెనే."

"నీ కాళ్లు పట్టుకుంటానక్కా."

"వద్దులే. తలారోళ్ల కాళ్లు. శానా దుమ్ముంటాది."

పండక్కి వచ్చిన చిన్నాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. "పోనీలేమ్మా. ఆ బాధ ఎట్లుంటాదో నాకు తెలుసు" అన్నాడు.

జేజి ఆయన వైపు తిరిగింది.

"నీ పేరు రాయించినప్పుడు నువ్వు కర్నూల్లో పరిగెత్తాంటివి. వాడు కొట్టినప్పుడు ఈడనే ఉండాడు. నేనేమన్నా అబద్ధం చెప్తాండానా? జరిగింది జరిగినట్టు చెప్పొస్తా."

నాన్ననూ నన్నూ వెంటబెట్టుకొని బస్సెక్కింది. స్టేషన్లో ఫిర్యాదు రాసుకుంటున్న రైటరు తలెత్తాడు. "ఇంకెవరి పేరన్నా రాయల్లామ్మా? వాళ్ల పెద్దోడు గూడా ఉండాడు కదా?"

"వాడు కొట్టలేదు సార్. కొట్టినోని పేరే రాయండి."

ఒక్క పేరే రాశారు. శీను ఉద్యోగం పోయింది.

చిన్నాయన చాలాకాలం జేజితో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మెత్తదనం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఇన్నేళ్లుగా వార్తలు రాస్తున్నాను. జేజి చేసింది తప్పని చాలామంది అన్నారు. ఆ ఫిర్యాదులో తప్పు ఎక్కడుందో ఒక్కరూ చూపించలేదు.

ఇప్పుడు పల్లెల నుంచి ఆడపిల్లలు కూడా పోలీసు ఉద్యోగాల కోచింగ్‌కు పోతున్నారు. దరఖాస్తు ఫోన్లోనే. హాల్ టికెట్టూ ఫోన్లోనే. అన్నీ మారాయి... కానీ ఈనాటికీ ఏదైనా ఊరి గొడవ ఫిర్యాదు నా చేతికొస్తే, చివరి పేరు దగ్గర ఆగి అడుగుతాను. "ఈ పిల్లోడు ఏ ఉద్యోగానికి చదువుతున్నాడు?" చాలాసార్లు జవాబు వస్తుంది.

మీ ఊళ్లోనూ ఇలా అన్యాయంగా కేసులో ఇరుక్కొని ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల గురించి ఇక్కడ రాయండి... ఇరికించినవాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నారో కూడా రాయండి. నాకు అదీ తెలుసుకోవాలని ఉంది.