తొంభై తొమ్మిది గొర్రెలు

లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో పోయినవి మూడు: నూరింటిలో ఒక గొర్రె, పదింటిలో ఒక నాణెం, ఇద్దరిలో ఒక కొడుకు. మొన్న మునగాల దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే, తడిసిన ఉన్ని వాసనకు తప్పిపోయిన గొర్రె మీద నాన్న చేసిన మొదటి ప్రసంగం గుర్తొచ్చింది.

కూలికి పోయే నాన్నకు చదవడం వచ్చు, రాయడం రాదు. ఆయన చెబుతుంటే తొమ్మిదేళ్ల నేను నోటుబుక్కులో రాశాను. కోదాడ చర్చిలో జనం ముందు తడబడతానేమోనని ఆయన భయం. అందుకే ముందుగా పక్కింట్లో గొర్రెలు కాసే మల్లయ్య తాతకు వినిపించాడు.

"ఆ కాపరి తొంభై తొమ్మిదింటిని అడివిల ఇడిసి ఒక్కదాని కోసం పోయిండా? మరి మంద కాడ ఎవలున్నరు?" అని నవ్వాడు తాత.

నాన్న ముఖం వాడిపోయింది. లెక్క తప్పింది కాబట్టి ప్రసంగం ఖతమనుకుని నేను ఆ కాగితం చింపబోయాను.

"ఆగు బిడ్డా! ఒక్కటి తప్పిపోతే నాకూ గట్లనే కాలు నిలవది. ఉన్నయెన్నో యాదికుండయ్," అన్నాడు తాత.

ఆదివారం నాన్న ఆ మాటే చెప్పాడు. ఎక్కడా తడబడలేదు.

సాయంత్రం తాత నన్ను పిలిచి అడిగాడు: "ఆ కాపరి తిరిగొచ్చేసరికి మిగిలినయన్నీ ఉన్నయా? సదివి చెప్పు."

ఇన్నేళ్లుగా ఆ అధ్యాయం చదువుతూనే ఉన్నాను. దొరికిన ఒక్కదాని సంతోషమే అందులో ఉంది. తాతకు నేను ఇంకా అప్పజెప్పవలసినవి తొంభై తొమ్మిది.