తీసిన పొర మళ్ళీ పెడతారట: రాజమండ్రి కంటి ప్రయాణం

చదివే అమ్మలూ అయ్యలూ, అంతా కులాసాయేనా? పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పసివాళ్ళకి దగ్గులు లేవు కదా? కళ్ళద్దాల వాళ్ళ చూపు ఎలా ఉంది? ఈ ప్రయాణం ఆ అద్దాల వల్లే వచ్చింది. మా మనవరాలు సుజాత భీమవరం రొయ్యల ప్లాంటులో పనిచేస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుంటే ఊపిరి ఆవిరి అద్దాలకి పట్టేస్తుంది. కిందటి నెల ఏమీ కనబడక ఐసు నీళ్ళ మీద జారి మోచెయ్యి కొట్టుకుంది. దాంతో అద్దాల అవసరం లేకుండా కళ్ళకి లేజరు చేయించుకుంటానని పట్టు పట్టింది. ఉన్న చూపూ పోతే ఎలాగని నాకు అన్నం సహించలేదు.

పొద్దున్నే రాజమండ్రి పాసింజరెక్కాం. నిడదవోలు, కొవ్వూరు దాటి వంతెన మీదికి రాగానే గోదారమ్మకి రూపాయి వేశాను. అది కిటికీ కమ్మీకి తగిలి తిరిగి నా ఒళ్ళోనే పడింది. ఇంక నా ప్రాణం నాలో లేదు.

స్టేషను బయట కంటి ఆసుపత్రికి ఆటో మాట్లాడుకున్నాం. మా బావమరిదికీ లేజరు చేశారండి అన్నాడు డ్రైవరు.

"బాగా కనబడుతోందా బాబూ?"

"అన్నీ కనబడతాయండి, నాకివ్వాల్సిన బాకీ తప్ప."

సుజాత నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆసుపత్రిలో నర్సు, కంటి మీద పొర లేపి, లేజరు కొట్టి, మళ్ళీ ఆ పొర మూసేస్తామంది. రెండేళ్ళ కిందట నా కంట్లో పొర తీసేశాకే కదా నాకు చూపొచ్చింది! దీనికి తీసిన పొర మళ్ళీ పెడతారా? సుజాత బ్యాగు పట్టుకుని ఇంటికి పోదామని లేచాను. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టింది.

"మీకు తీసింది లోపల ముదిరిన శుక్లమండి. ఇది పైనుండే మంచి పొర, మూత లాంటిది. దాని కింద లేజరు చెక్కుతుంది. మూస్తే అదే అతుక్కుంటుంది."

ఇదివరకు కంటి మీద చేత్తో గీతలు కోసేవారట, ఇప్పుడు ఆ బాధ లేదట. కుట్లు కూడా వెయ్యరట. కుట్టని మూత ఊడిపోదా అని నాకు ఇంకా భయమేసింది.

"మామ్మా, ఈసారి పడితే అద్దం పగిలి కంట్లోనే గుచ్చుకుంటుంది. బ్యాగిటివ్వు," అంది సుజాత. ఇచ్చేశాను.

లోపలికెళ్ళిన కాసేపటికే కళ్ళకి ప్లాస్టిక్ మూతలతో బయటికొచ్చింది. ఆ పూట లాడ్జిలో ఉండి మర్నాడు చూపించుకున్నాం. మూతలు తీస్తే గోడ మీది అక్షరాలు చివరి వరసదాకా చదివింది. నేను దణ్ణం పెట్టుకునేలోపే డాక్టరమ్మ, కళ్ళు నులమకూడదు, పొర జరిగిపోతుంది అంది. తిరుగు రైలు కుదిపినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చి దాని రెండు చేతులూ పట్టుకునే కూర్చున్నాను. వంతెన వెళ్ళిపోయింది, రూపాయి నా కొంగు ముడిలోనే ఉండిపోయింది.

నిన్న సుజాత కిటికీలోంచి చూసి, పక్క డాబా మీద ఆరేసిన చీర అంచు ఏ రంగో చెప్పింది. సంతోషమే. కానీ అది కంటి దగ్గరికి చెయ్యి ఎత్తితే చాలు, నా గుండె ఆగుతోంది. మీరూ లేజరుకి వెళ్ళేటట్టయితే ఒక్క మాట: ఏ పొర, ఎక్కడి పొర అని ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే విడమరిచి చెప్పండి.

వచ్చే శుక్రవారం మళ్ళీ రమ్మన్నారు. ఆ రూపాయి ఈసారి సుజాత చేత వేయిస్తాను. కమ్మీల సందు దానికి కనబడుతుంది.