ఎండుచేపల ఇల్లు

కొత్త మందిరం ప్రతిష్ఠ రోజున, తెల్లచీర కట్టుకుని గడపలో కాలు పెట్టబోయిన పుల్లమ్మను సంఘపెద్ద షాలేమ్‌రాజు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"చిన్నమ్మా, నువ్వు వరండాల కూసో. పెద్ద పాస్టర్‌గారు వచ్చిండ్రు. నీ దగ్గర చేపల వాసనొస్తది."

ఆమె దుమ్ముగూడెం సంతలో ఎండుచేపలమ్మి బతికే మనిషి. ఆ పొద్దున సబ్బరిగేదాకా ఒళ్లు రుద్దుకునే వచ్చింది. వెళ్లి వరండాలో చెప్పుల పక్కన కూర్చుంది.

మందిరం లేనన్నాళ్లూ సంఘం కూడింది ఆమె పూరింట్లోనే. ఆదివారం తెల్లారకముందే చేపల బుట్టలు పెరట్లోకి చేర్చి, నేల అలికి, చాపలు పరిచేది. ఊరి చంటిపిల్లలంతా ఆమె నులకమంచం తడిపినవాళ్లే. షాలేమ్‌రాజు పెళ్లి ప్రార్థనా అక్కడే జరిగింది. అప్పుడెవరికీ వాసన రాలేదు. టైల్స్ వేశాకే అందరికీ ముక్కులు మొలిచాయి.

ఆమె మళ్లీ మందిరం మొహం చూడలేదు. అయినా ఆదివారం నేల అలకడం మానలేదు. పొయ్యి ముట్టించేముందు దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి కుండలో వేయడమూ మానలేదు. మందిరానికివ్వాల్సిన ఆ బియ్యాన్ని ఇప్పుడు వండి పెట్టసాగింది. మందిరం మెట్లెక్కలేని ముసలివాళ్లు, అడవి ఊళ్ల నుంచి మిరపకోతకొచ్చిన కూలీలు అక్కడ చేరేవారు. పాడుకుని, ప్రార్థన చేసుకుని, తినిపోయేవారు.

"పోటీ సంఘం పెట్టింది" అన్నారు కమిటీవాళ్లు. అక్కడికి పోయేవాళ్లలో షాలేమ్‌రాజు తల్లి కన్నమ్మ కూడా ఉందని తెలిసి అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ కూడికను ఆపించకపోతే పెద్దరికం ఊడుతుంది.

ఒక ముసురు ఆదివారం వెళ్లాడు. పుల్లమ్మను అతను చూడటం అదే ఆఖరు; వచ్చే సంతలోపే ఆమె జ్వరంతో చనిపోయింది.

లోపల అడుగు పెట్టే సందు లేదు. కన్నమ్మ విస్తరి ముందుంది.

"అమ్మా, లే. ఇంటికి పోదాం పా."

"గన్ని మెట్లెందుకు కట్టినవ్‌రా మందిరానికి? దేవుడు గూడ గోదారి వరదకు భయపడ్తడా ఏంది?"

అందరూ నవ్వారు. అతని మొహం కందిపోయింది.

"చిన్నమ్మా, ఇది బంద్ చెయ్యి. లేకుంటే కమిటీ నిన్ను సంఘంలకెల్లి తీసేస్తది."

పుల్లమ్మ చేపల బుట్టను మంచం కిందికి తోసి, ఆ చోట గోనెసంచి పరిచింది. చూరు నీళ్లు అతని వీపు మీద ధారగా పడుతున్నాయి.

"తడుస్తున్నవ్, లోపలికి రా బిడ్డా. వాసనైతే ఉంటది. దేవునికి ఎప్పుడో అలవాటైంది."