ఎట్లాగూ లేస్తావు గదా

తెల్లవారి అయిదు నుంచి ఆరు దాకా ఉండే ఆ గంట ఎవరిది? డెబ్బయ్యొకటో ఏట కూడా నాకు జవాబు దొరకలేదు. లైబ్రరీలో ముప్పయ్యేళ్ళు పుస్తకాలు సర్ది, సర్దినవాటిలో సగం చదివి ఇంటికొచ్చాను. ఎవరు ముందు లేస్తే ఆ గంట వాళ్ళదే అని వ్యక్తిత్వ వికాసం బీరువాలోని పుస్తకాలన్నీ ఒకే మాట మీద నిలబడ్డాయి. నేనూ నమ్మాను. నమ్మడంతో ఊరుకోకుండా ఇంకొకరికి చెప్పాను.

చెప్పింది మహేశ్వరికి. ధర్మవరంలో మా పక్కిల్లు. ఆమెకు నలభై రెండేళ్ళు. ఇరవై మూడేళ్ళుగా గుంట మగ్గం మీద పట్టుచీరలు నేస్తోంది. ఒకే గదిలో భర్త కుళ్ళాయప్పదొక మగ్గం, ఆమెదొక మగ్గం. ఆరింటికి గుంటలోకి కాళ్ళు దించితే వంటకు లేవడం, మళ్ళీ దించడం. తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగాయి. మహా అయితే ఇంకో రెండేళ్ళు తొక్కగలవని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఏమిటని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె ఒక్కతే తనను తాను ప్రశ్నించుకుంది.

చీర అంచులోనూ కొంగులోనూ వచ్చే బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టలు మగ్గం మీద తిరుగుతూ బొమ్మను లేపుతాయి. హిందూపురంలో పద్మజ అనే ఆమెకు ఈ డిజైన్ల షాపు ఉంది. పోయిన మాఘంలో కుళ్ళాయప్ప అట్టల కోసం పోతూ, మోయడానికని మహేశ్వరిని వెంటబెట్టుకుపోయాడు. షాపులో నిలబడి ఉన్నంతసేపూ ఆమె బల్లమీది కాగితం చూస్తూ ఉంది. చివరకు ఒక చోట వేలు పెట్టి, ఈ గడి తప్పు, ఇట్లాగే నేస్తే చిలక ముక్కు విరిగిపోతుందని చెప్పింది. పద్మజ లెక్కపెట్టి చూసింది. నిజమే.

ఆ రోజే పద్మజ ఒక మాట ఇచ్చింది. సొంతంగా ఒక కొంగు మొదటి వరస నుంచి చివరి వరస దాకా గీసి చూపించాలి. శ్రావణం మొదటి రోజుకల్లా ఆ కాగితం తన బల్లమీద ఉండాలి. పెళ్ళిళ్ళ ఆర్డర్లు వచ్చేస్తాయి కాబట్టి అంతకుమించి ఆగడం కుదరదు, ఇంకొకరిని పెట్టుకుంటుంది. కాగితం అందితే మాత్రం మహేశ్వరికి పని ఖాయం. వారానికి రెండు రోజులు హిందూపురం, తక్కిన రోజులు ఇంట్లోనే గీసుకోవచ్చు. మోకాళ్ళతో పనిలేని పని.

ఉగాదికి రెండు రోజుల ముందు ఆమె మా అరుగు మీదికొచ్చి కూర్చుంది.

"సారూ, నువ్వు అన్ని పుస్తకాలు సదివినావు. ఒక పనిని రోజూ ఇడిసిపెట్టకుండా చేయాలంటే ఎట్లా?"

నాకు ఎంత సంతోషమైందో. ఒకే వేళ, ఒకే చోటు, కొంచెం పని, ఒక్కరోజు కూడా తప్పకూడదు అని వల్లించాను. ఆమె చెప్పింది చెప్పినట్టే చేసింది. కొంగుకు నాలుగు వందల అరవై వరసలు. రోజుకు నాలుగు. అయిదింటికి లేవడం, కిటికీ పక్కన పీట వేసుకోవడం, నాలుగు వరసలూ నిండాక కిటికీ ఊచకు ఒక పట్టుపోగు కట్టడం, ఆరింటికి మగ్గంలో దిగడం. నెల తిరిగేసరికి ఆ ఊచ మీద ఇరవై తొమ్మిది పోగులున్నాయి. కాగితం మీద మామిడి పిందెల మధ్య నెమళ్ళు మెడలెత్తుతున్నాయి. కాగితం చూపించినప్పుడు ఆమె ముఖంలో ఉన్న వెలుగు ఆ ఇంట్లో ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు.

వాళ్ళు చూసింది లైటును.

ముందు అత్త వెంకటలక్ష్మమ్మ. ఎట్లాగూ లేస్తావు గదా, నాకు కాసిన్ని ఉడుకునీళ్ళు పెట్టమంది. న్యాయమే, పెద్దామె. ఆ తర్వాత మరిది మంజునాథ్. హిందూపురం ఫ్యాక్టరీకి తెల్లవారి రైలుకు పోయేవాడు అంతకుముందు అక్కడే క్యాంటీనులో తినేవాడు. వదిన ఎట్లాగూ లేస్తుంది గదా అని క్యారియరు అడిగాడు. ఆ తర్వాత కుళ్ళాయప్ప. ఎట్లాగూ లేస్తావు గదా, నాకు రెండు కండెలకు పట్టుపోగు చుట్టిపెట్టు, పొద్దున్నే తడుముకోకుండా ఉంటుంది. ఎవరూ ఆమె గంటను అడగలేదు. అయిదేసి నిమిషాలే అడిగారు. అందుకే కాదనడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆమె నాలుగున్నరకు లేవడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే ఉడుకునీళ్ళు కూడా నాలుగున్నరకు జరిగాయి. నాలుగు వరసలు మూడయ్యాయి, కొన్నాళ్ళు ఒకటైంది. కొన్ని రోజులు ఊచకు పోగు పడలేదు. ఒకసారి భర్తను, ఆ ఒక్క గంటా తనకు వదిలిపెట్టమని అడిగిందట. అతను నవ్వాడట.

"ఇరవై నాలుగు గంటలూ నీవేనమ్మే. ఎవరు పట్టుకున్నారు నిన్ను?"

మంచి మాటకారి కుళ్ళాయప్ప. తాగడు, కొట్టడు, అరవడు. అతని మీద ఫిర్యాదు చేయడానికి ఏమీ ఉండదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

పెనుకొండలో ఆడబిడ్డ సుచిత్ర గృహప్రవేశానికి పోయినప్పుడు కూడా ఆమె కాగితం చుట్టి సంచిలో పెట్టుకుపోయింది. వంట దగ్గర పని తెమిలాక మెట్లమీద కూర్చుని గీస్తోంది. "ఏమొదినా, కలెక్టరు పరీక్ష రాస్తాండావా?" అని సుచిత్ర అందట. చుట్టాలంతా నవ్వారు. ఏ జిల్లా ఇస్తారో అడుగు అని ఇంకెవరో అందుకున్నారు. ఇవన్నీ మహేశ్వరి నాకు నవ్వుతూనే చెప్పింది. నేను కూడా నవ్వాను. పట్టు వదలకూడదని మళ్ళీ ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఈ అలవాట్ల పుస్తకాలు రాసినవాళ్ళందరికీ పొద్దున్నే ఎవరో నీళ్ళు కాచి ఉంటారని నాకు అప్పుడు తట్టలేదు. నాకూ నలభై ఏళ్ళుగా మా ఆవిడే కాచిందని అసలు తట్టలేదు.

మధ్యాహ్నాలు దొరికిన కాస్త టైములో కొంత పూడ్చుకున్నా, ఆషాఢం చివరికొచ్చేసరికి ఇంకా ముప్పయ్యెనిమిది వరసలు మిగిలాయి. ఆమెకున్న ధైర్యమల్లా అమావాస్యే. నేతవాళ్ళ ఇళ్ళలో ఆ రోజు మగ్గం తొక్కరు. ధర్మవరంలో ఏ వీధిలోనూ మగ్గం చప్పుడుండదు. గంటకు నాలుగు వరసల చొప్పున తెల్లవారి నుంచి కూర్చుంటే పొద్దుగూకేలోపు అయిపోతాయని లెక్కవేసుకుంది. మూడు రోజుల ముందు నుంచే ఇంట్లో అందరికీ చెప్పింది. ఆ ఒక్కరోజు టిఫిను బయటినుంచి తెచ్చుకోండి, మధ్యాహ్నానికి సంగటి చేసిపెడతాను, నన్ను కదిలించొద్దు అని. అందరూ తలూపారు.

అమావాస్య ముందురోజు సాయంత్రం కుళ్ళాయప్ప పెనుకొండకు ఫోన్ చేసి, చెల్లెలినీ బావనూ పిల్లలనూ మర్నాడు భోజనానికి రమ్మన్నాడు. అడిగితే, మగ్గం లేదు గదా, ఖాళీగానే ఉంటావు గదా అన్నాడు.

ఆమె మా అరుగు మీదికొచ్చి పద్మజకు ఫోన్ చేసింది. పద్మజ చెప్పేది నాకు వినపడుతూనే ఉంది.

"ఆడ కుదరకపోతే ఈడికి రా. షాపులో బల్ల ఖాళీగానే ఉండాది. మొదటి బస్సుకొస్తే సాయంత్రానికి అయిపోతాది."

అమావాస్య పూట ప్రయాణం పెట్టుకుంటే అత్త ఒప్పుకోదని చెప్పి మహేశ్వరి ఫోన్ పెట్టేసింది. నిజమే, ఆ వయసు వాళ్ళు అమావాస్య నాడు ఏదీ మొదలుపెట్టనివ్వరు. కానీ పెనుకొండ నుంచి అయిదుగురు వచ్చే ప్రయాణానికి ఆ అమావాస్య అడ్డం రాలేదు. వాళ్ళకు వండిపెట్టడానికీ రాలేదు.

ఇంతవరకూ ఇతరుల సంగతి. ఇక నాది.

మా ఆవిడ అప్పటికి పదిరోజులుగా చెల్లెలి ఇంట్లో ఉంది. వీధి కొళాయిలో నీళ్ళు తెల్లవారి అయిదుకు వస్తాయి. అమావాస్య నాడు నాకు నిద్ర చాలలేదు. నడుము పట్టినట్టుంది. రెండు బిందెలు తీసుకుపోయి వాళ్ళ గేటు దగ్గర పెట్టాను. కిటికీలో లైటు వెలుగుతోంది. పీటమీద ఆమె తల వంచుకుని ఉంది. ఆ రోజేమిటో, ఆమె ఏం గీస్తోందో, ఎన్ని వరసలు మిగిలాయో ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేను. పిలిచాను.

"మహేశ్వరమ్మా, ఎట్లాగూ లేచే ఉన్నావు గదా. మా బిందెలు కూడా కొంచెం పట్టిపెడతావా?"

ఆమె తలెత్తింది. లేచి గేటు దగ్గరికొచ్చి నా బిందెల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నువ్వు గూడానా, సారూ?"

గొంతు హెచ్చించలేదు. నడుము నొప్పి గురించి ఏదో గొణిగాను, మెల్లగా వంగి బిందెలు నేనే ఎత్తుకుని కొళాయి దగ్గరికి పోయాను. సిగ్గు వేసింది. సిగ్గు కంటే ముందు, ఆ మాట అన్నందుకు ఆమె మీద కోపం వచ్చింది. అది రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

నా రెండో బిందె సగం నిండిందో లేదో, ఆమె మళ్ళీ బయటికొచ్చింది. చీర మార్చుకుంది. చంకలో గళ్ళ కాగితం చుట్ట, చేతిలో పెన్సిళ్ళ సంచి. లోపల్నుంచి వెంకటలక్ష్మమ్మ, నీళ్ళు కాగినాయా అని అడుగుతోంది. కుళ్ళాయప్ప కూడా లేచినట్టుంది. మహేశ్వరీ, బెల్లం ఉండాదా లేదా చూడు, పిల్లలొస్తాండారు అంటున్నాడు. ఆమె గేటు తీసింది. చప్పుడు కాకుండా వేయాలని చూడలేదు, విసురుగానూ వేయలేదు. రోజూ వేసినట్టే వేసింది.

హిందూపురం మొదటి బస్సుకు ఇంకా పావుగంట టైముంది. మోకాళ్ళు పట్టేసినా ఆమె వేగంగానే నడుస్తోంది. కొళాయి దగ్గర నేను నిలబడ్డ చోటు దాటాలి. దాటింది. నా వైపు చూడలేదు, పోయొస్తా సారూ అనలేదు. వీధి చివర బస్టాండు వైపు తిరిగింది.