‘దా’ అని పిలిచిన మామ

పోయిన మంగళవారం పొద్దున నేను ఆస్పత్రి డ్యూటీకి బయలుదేరుతుంటే నా భార్య నినో ఫోను పట్టుకుని వచ్చింది. ఫోను నా చేతికిచ్చి కుర్చీలో కూలబడింది. అవతల జార్జియా నుంచి అత్తయ్య. మామయ్య తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. ముందు రోజు సాయంత్రం దాకా ద్రాక్షతోటలో పనిచేసి, మామూలుగానే భోంచేసి పడుకున్నారట.

వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. “ఏమైంది బిడ్డా?” అంది.

“నాయిన పోయిండు అత్తమ్మా.”

అమ్మ వచ్చి నినో తలను పొట్టకు ఆనించుకుని నిలబడింది. “నా అన్న పోయిండా!” అంది. అమ్మకు తోడబుట్టిన అన్నలెవరూ లేరు.

జార్జియా అంటే నల్ల సముద్రం పక్కన చిన్న దేశం. మన పిల్లలు చాలామంది మెడిసిన్ చదవడానికి పోతుంటారు. నేనూ అట్లాగే పోయాను. నినో మా కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు, ఆమె తండ్రిని ఏమని పిలవాలో తెలియక, ధైర్యం చేసి “మామా” అన్నాను. ఆయన కళ్లు పెద్దవి చేసి నన్ను గట్టిగా వాటేసుకున్నారు. వాళ్ల భాషలో ‘మామా’ అంటే నాన్న అని నాకు తర్వాత తెలిసింది. ఆ పొరపాటును మేమిద్దరం ఎప్పుడూ సరిదిద్దుకోలేదు.

మా పెళ్లి వరంగల్‌లో జరిగింది. వీసా సమయానికి రాక అత్తయ్య, మామయ్య రాలేకపోయారు. తర్వాత వీడియో పంపాం. మొత్తం చూసి మామయ్య ఒక్కటే అడిగారట: “అబ్బాయి తల్లి ఏది? ప్రతిసారీ స్తంభం వెనక ఉంటుందేం?”

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు నాన్న పోయాడు. నర్సంపేట దగ్గర మాకున్న నాలుగెకరాల్లో అమ్మ ఒక్కతే పత్తి, మిర్చి పండించి నన్ను చదివించింది. కానీ ఎవరింట శుభకార్యమైనా వెనక నిలబడేది. నా పెళ్లిలో పసుపు కుంకుమల పనులన్నీ పెద్దమ్మే చేసింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను. అమ్మ వినలేదు. నినో ఇదంతా తండ్రికి చెబితే ఆయన, “శీతాకాలం సెలవులకు ఆమెను కూడా తీసుకురండి” అన్నారట.

అమ్మను ఒప్పించడానికి నెలరోజులు పట్టింది. “గా మంచుల నేనేం జేస్త? నా చీరెలు, నా చెప్పులు... నగుతరు బిడ్డా” అనేది. చివరికి రెండు స్వెటర్లు, ఒక మంకీ క్యాపు, డబ్బా నిండా సకినాలు, మూటెడు చపాట మిరపకాయలతో విమానం ఎక్కింది.

మామయ్య మొదటి రోజే ఆమెను తోటలోకి తీసుకుపోయారు. ఆకులన్నీ రాలి, తీగలు ఎండు కట్టెల్లా ఉన్నాయి. అమ్మ వంగి మట్టి తీసి నలిపింది. “మన చెల్క మట్టి లెక్కనే ఉన్నదిరా” అంది. మామయ్య కూడా వంగి, పిడికెడు మట్టి తీసి, తన భాషలో ఏదో చెప్పారు. ఆమె తెలుగులో బదులిచ్చింది. నేను అనువాదం చేయబోతే ఇద్దరూ చేత్తోనే ఆపారు.

ఆ తర్వాత రోజూ అంతే. కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని అక్రోట్లు పగలగొడుతూ మాట్లాడుకునేవారు. ఆయన తీగలకు వచ్చే తెగులు గురించి చెప్పేవారు, ఈమె పత్తికాయల్ని తొలిచే గులాబీ పురుగు గురించి చెప్పేది. అన్నం దగ్గర ఎవరైనా దిగులు కబుర్లు మొదలుపెడితే ఆయన రొట్టె తుంచి చేతిలో పెట్టి, “బాధ ఎక్కడికీ పోదు. రొట్టె చల్లారిపోతుంది” అనేవారు. అమ్మ తెచ్చిన చపాట కాయ ఒకటి కొరికి, కారమే లేదు, ఇది పేరుకే మిరపకాయ అని ఎగతాళి చేశారు. ఎండలు వచ్చాక మాత్రం వాటి గింజలే పెరట్లో నాటి, నెలకోసారి మొక్కల ఫొటోలు పంపారు.

డిసెంబరు చివరి రోజు మధ్యాహ్నం ఆయన అందరినీ కూర్చోబెట్టారు. వాళ్ల ఊళ్లో ఒక ఆచారం ఉంది. కొత్త సంవత్సరం నాడు ముందుగా ఎవరు గడప దాటి లోపలికి వస్తారో, వాళ్ల పాదాన్ని బట్టి ఆ ఏడంతా ఇంటికి మంచో చెడో జరుగుతుందని నమ్ముతారు. అందుకే మంచి పాదమున్న మనిషిని వెతికి పిలుచుకుంటారు. ఆ మనిషి మిఠాయిల బుట్టతో వచ్చి ఇంటిని దీవించాలి.

“రేపు పొద్దున నువ్వే రావాల్నట అత్తమ్మా” అంది నినో.

అమ్మ మొహం పాలిపోయింది. “నేనా? వద్దు బిడ్డా. మీ నాయినకు ఎరుకలేదు. నేనెటువంటి మనిషినో చెప్పు.”

“ఎరికే అత్తమ్మా. అంత చెప్పిన.”

“రేపు ఈ ఇంట్ల ఏమన్నయితే? నేను తలెత్తుకోగల్తనా?”

నినో ఆ మాట తండ్రికి చెప్పింది. మామయ్య తన మొరటు వేలితో అమ్మ పాదాలను చూపిస్తూ మెల్లగా ఏదో అన్నారు. నినో దాన్ని తెలుగులో చెప్పింది.

“‘ఒక్కతే పొలం జేసి, కొడుకును డాక్టర్‌ను జేసిన కాళ్లవి. అంతకన్న మంచి పాదం నాకు యాడ దొర్కుతది?’ అని అడుగుతాండు.”

అమ్మ కొంగుతో మొహం కప్పుకుని లోపలికి పోయింది. వస్తుందో రాదో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు పొద్దున చూస్తే తలస్నానం చేసి, పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని, బుట్ట పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. బుట్టలో వాళ్ల మిఠాయిలతోపాటు మన బెల్లం ముక్క కూడా పెట్టుకుంది. గడప దాకా వచ్చి ఆగిపోయింది. కాలు లేవడం లేదు. నేను బయటే ఉన్నాను. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

లోపల మామయ్య కూతురి వైపు తిరిగి, రమ్మనడానికి తెలుగులో ఏమంటారని అడిగారు.

“దా” అంది నినో.

ఆయన ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వారు. వాళ్ల భాషలో ‘దా’ అంటే తోడబుట్టిన అక్క, చెల్లెలు. రెండు చేతులూ చాచి “దా, దా!” అని పిలిచారు. నినో నవ్వుతూ ఏడుస్తూ ఆ అర్థం కూడా చెప్పింది.

“వస్తాన్న అన్నా” అని అమ్మ కుడికాలు లోపల పెట్టింది. మిఠాయిలు గది నిండా చల్లి, “సల్లగుండుండ్రి. పిల్లా జెల్లా, గొడ్డూ గోదా, తోటా దొడ్డీ అంత సల్లగుండాలె” అని దీవించింది. అత్తయ్య ఆమెను ముద్దు పెట్టుకుంది. మామయ్య బెల్లం ముక్క ఏరుకుని నోట్లో వేసుకున్నారు.

ఆ ఏడాదంతా అమ్మకు ఫికరే. వారానికోసారి ఫోన్ చేయించి, “మంచిగున్నరా? జ్వరాలు గిట్ల లేవు కదా?” అని అడిగించేది. ద్రాక్ష కోతలు అయ్యాక ఆయనే ఫోన్ చేసి, ఇంట్లో ఒక్కరికి తుమ్ము కూడా రాలేదని, ఆవు ఈనిందని, కాపు బాగుందని చెప్పారు. అప్పుడు అమ్మ ఊపిరి పీల్చుకోవడం నేను పక్క గదిలోంచి విన్నాను. మరుసటి చలికాలం మోకాళ్ల నొప్పితో ఆమె పోలేకపోయింది. అయినా మామయ్య వేరే ఎవరినీ పిలవలేదు. వీడియో కాల్‌లో అమ్మ మొహం కనబడేలా పెట్టి, అత్తయ్య ఆ ఫోనుతోనే గడప దాటింది. హన్మకొండలో మా ఇంట్లో సోఫా మీద కూర్చుని అమ్మ వాళ్లను దీవించింది.

ఇప్పుడు మా వీధిలో ఎవరు గృహప్రవేశానికి పిలిచినా అమ్మ ముందు వరసలోనే ఉంటుంది. ఒకరిద్దరు మొహం చిట్లిస్తారు. “మా అన్న పిలిస్తే దేశం దాటి పోయి దీవించి వచ్చిన” అని వాళ్లకు చెబుతుంది.

నిన్న అత్తయ్య ఫోన్ చేసి, ఈసారి కొత్త సంవత్సరానికి అమ్మ వస్తుందా అని అడిగింది. అమ్మ నేను అడిగేదాకా ఆగలేదు. “టికెట్ చెయ్యిరా” అంది.

అమ్మ దీవించిన ఆ జనవరిలో మేం తిరిగి వచ్చేటప్పుడు సన్నగా మంచు పడుతోంది. కారు ఎక్కే ముందు అమ్మ మామయ్యకు రెండు చేతులూ జోడించింది. ఆయన కాసేపు ఆ చేతులనే చూసి, చెవుల దాకా లాక్కున్న ఉన్ని టోపీ తీసి చంకలో పెట్టుకుని, అలాగే చేతులు జోడించారు. కారు కదిలింది. అమ్మ వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తూనే ఉంది. “టోపి పెట్టుకోమని చెప్పుండ్రి, సలి పెడ్తది” అంటోంది. ఆయన పెట్టుకోలేదు. మేం మలుపు తిరిగేదాకా, బట్టతల మీద మంచు తెల్లగా పేరుకుంటుంటే, అట్లాగే చేతులు జోడించి నిలబడి ఉన్నారు.